పెట్రోలు బండా.. కరెంటు బండా?

* రోజూ తిరిగే దూరాన్ని బట్టే లాభనష్టాలు
* ‘గృహజ్యోతి’ లబ్ధిదారులకు మరో లెక్క
* బ్యాటరీ, మరమ్మతులపై తొలగని సందేహాలు

నిజామాబాద్‌: ద్విచక్ర వాహనం కొనేందుకు షోరూం మెట్లెక్కినవారు ఇన్నాళ్లూ రెండే ప్రశ్నలు అడిగేవారు. మైలేజీ ఎంత? నెలకు కిస్తీ ఎంత? ఇప్పుడు మూడో ప్రశ్న తోడైంది. పెట్రోలుదా.. కరెంటుదా? దీనికి జవాబు మాత్రం మనిషికో రకంగా వస్తోంది. నగరంలో ఇంటికి, కార్యాలయానికి మధ్య తిరిగే ఉద్యోగులు కరెంటు బండే మేలంటున్నారు. రోజూ ఆర్మూరు, బోధన్‌ వైపు వెళ్లివచ్చే చిరు వ్యాపారులు లెక్కలు వేసుకుంటున్నారు. పాల క్యాన్లు, పశుగ్రాసం మోసే రైతులు పెట్రోలు బండిని వదిలే ప్రసక్తే లేదంటున్నారు. విచిత్రమేమిటంటే ఎవరి అనుభవం మేరకు వారు చెబుతున్నది నిజమే.

నిజానికి కరెంటు బండి జిల్లాలకు కొత్తేమీ కాదు. 2007 ప్రాంతంలోనే లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీలతో నడిచే చిన్న స్కూటర్లు పట్టణాల్లో కనిపించాయి. ఏడాదిన్నర తిరిగేసరికి బ్యాటరీలు నీరసించడం, కొత్తవి వేయించడానికి వేలల్లో ఖర్చు కావడంతో అవి మూలన పడ్డాయి. ఆ చేదు జ్ఞాపకం ఉన్నవారు నేటికీ ‘బ్యాటరీ బండి’ అనగానే పెదవి విరుస్తున్నారు. ఇప్పుడు వస్తున్నవి లిథియం బ్యాటరీ వాహనాలు. బలం, వేగం, మన్నిక అన్నీ వేరు. అయినా పాత అపనమ్మకం అంత తేలిగ్గా పోవడం లేదు.

మరో సంగతీ గమనించాలి. విద్యుత్తు వాహనాల్లో సింహభాగం స్కూటర్లే. గేర్లతో నడిచే బైకుకు దీటైన విద్యుత్తు మోటారు సైకిళ్లు మార్కెట్లో తక్కువ. 2019లో రివోల్ట్‌ ఆర్‌వీ 400, 2022లో అల్ట్రావయొలెట్‌ ఎఫ్‌77, 2023లో హైదరాబాద్‌కు చెందిన ప్యూర్‌ ఈవీ సంస్థ ఎకోడ్రిఫ్ట్‌, 2025లో ఓలా రోడ్‌స్టర్‌ ఎక్స్‌ వచ్చాయి. వంద సీసీ బైకులకు పల్లెల్లో ఉన్న ఆదరణతో పోలిస్తే వీటి ఉనికి నామమాత్రమే. బైకుకు అలవాటుపడినవారు కరెంటు వైపు మళ్లాలంటే చాలామందికి స్కూటరే దిక్కవుతోంది. మధ్యలో ట్యాంకు లేని బండిపై యూరియా బస్తా ఎక్కడ పెట్టాలన్నది పల్లె రైతు అడిగే మొదటి ప్రశ్న.

ఖర్చు మాటేమిటి?

విద్యుత్తు బండిని మెచ్చుకునేవారు మొదట చెప్పేది పెట్రోలు ఖర్చు గురించే. 2024 మార్చిలో కేంద్రం లీటరుకు రూ.2 తగ్గించిన తర్వాత కూడా హైదరాబాద్‌లో పెట్రోలు ధర రూ.107 పైనే నిలిచింది. జిల్లాల్లో రవాణా ఖర్చుతో మరికొంత ఎక్కువ. వంద సీసీ బైకు వాడకంలో లీటరుకు 55 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు సుమారు రూ.1.95 పడుతుంది.

మూడు కిలోవాట్‌ అవర్ల, అంటే మూడు యూనిట్ల బ్యాటరీ ఉన్న విద్యుత్తు స్కూటరు రోడ్డుపై 90 కిలోమీటర్ల దాకా నడుస్తుందనుకుందాం. ఛార్జింగ్‌లో వృథా అయ్యేది కలుపుకొంటే ఇంటి మీటరులో మూడున్నర యూనిట్లు తిరుగుతాయి. యూనిట్‌ రూ.5 చొప్పున చూస్తే కిలోమీటరుకు 20 పైసలు. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగే వ్యక్తికి పెట్రోలు బండిపై రూ.1,500 పైచిలుకు, కరెంటు బండిపై రూ.150 ఖర్చవుతుంది. ఏడాదికి మిగిలేది రూ.16 వేలు. ఇంజిన్‌ ఆయిల్‌, ఎయిర్‌ ఫిల్టర్‌, స్పార్క్‌ప్లగ్‌ ఖర్చులు ఉండవు కాబట్టి ఇంకొంత ఆదా.

అయితే అందరూ 30 కిలోమీటర్లు తిరగరు. ఇంటి నుంచి దుకాణానికి, దుకాణం నుంచి ఇంటికి కలిపి పది కిలోమీటర్లే తిరిగే వ్యాపారికి ఏడాదిలో మిగిలేది రూ.5,500కు మించదు. రెండు బండ్ల ధరల్లో తేడా రూ.25 వేలనుకుంటే మొదటి వ్యక్తికి ఏడాదిన్నరలోనే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. రెండో వ్యక్తికి నాలుగున్నరేళ్లు పడుతుంది. రుణంపై కొన్నవారు వడ్డీ కూడా కలుపుకోవాలి. పక్కింటివారికి లాభించిందని కొన్న బండి తమకు లాభించకపోవడానికి కారణం ఇదే. ఎక్కువ తిరిగేవారికే కరెంటు బండి కలిసొస్తుంది. మరీ ఎక్కువ తిరిగేవారికి మళ్లీ ఛార్జింగ్‌ అడ్డం వస్తుంది. రోజుకు 100 కిలోమీటర్లు దాటే ఫుడ్‌ డెలివరీ కుర్రాళ్లు మధ్యాహ్నం భోజన వేళలో బండిని ప్లగ్గుకు తగిలించుకోగలిగితేనే గట్టెక్కుతారు.

రెండు వందల యూనిట్ల గీత

జిల్లాలో చాలామంది పట్టించుకోని లెక్క ఒకటుంది. ఆహార భద్రత కార్డులున్న అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ఇచ్చే గృహజ్యోతి పథకం 2024 మార్చి నుంచి అమలులోకి వచ్చింది. వాడకం 200 యూనిట్లు దాటితే ఆ నెల సున్నా బిల్లు రాదు. మొత్తం యూనిట్లకూ చెల్లించాలి.

నెలకు 180 యూనిట్లు వాడే కుటుంబం ఇంట్లోనే స్కూటరుకు ఛార్జింగ్‌ పెట్టిందనుకుందాం. పై లెక్క ప్రకారం రోజుకు 30 కిలోమీటర్లకు నెలకు మరో 30 యూనిట్లు. మొత్తం 210. రెండు వందలు దాటిన ఇళ్లకు మొదటి 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున, ఆపై 300 వరకు రూ.7.70 చొప్పున లెక్కగట్టే టారిఫ్‌ 2022 నుంచి ఉంది. ఆ ప్రకారం బిల్లు రూ.వెయ్యి దాటుతుంది. స్థిర ఛార్జీలు, సుంకం అదనం. అంటే పెట్రోలుపై ఆ నెల మిగిలిన రూ.1,350లో అధిక భాగం కరెంటు బిల్లుకే పోతుంది. కూలర్లు తిరిగే ఏప్రిల్‌, మే నెలల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. నెలకు వంద, నూట ఇరవై యూనిట్లతో సరిపెట్టుకునే చిన్న కుటుంబానికి మాత్రం ఇదే పథకం వరం. బండి ఖర్చు దాదాపు ఉచితమే. కొనేముందు పాత బిల్లులు ఓసారి తిరగేయడం తప్పనిసరి.

తగ్గుతూ వచ్చిన రాయితీలు

2021లో కొన్నవారికి దక్కిన రాయితీ తర్వాత వచ్చినవారికి దక్కలేదు. ఫేమ్‌-2 పథకం కింద కేంద్రం 2021 జూన్‌లో కిలోవాట్‌ అవర్‌కు రూ.15 వేల చొప్పున, బండి ధరలో 40 శాతం దాకా రాయితీ ఇచ్చింది. 2023 జూన్‌ నుంచి దాన్ని రూ.10 వేలకు, ధరలో 15 శాతానికి కుదించింది. 2024 మార్చితో ఆ పథకమే ముగిసింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్‌లో ఒక్కో బండికి గరిష్ఠంగా రూ.10 వేలు ఇచ్చి, 2025 ఏప్రిల్‌ నుంచి దాన్నీ సగం చేశారు.

మరోవైపు 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న పెట్రోలు బైకులపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. రూ.80 వేల బైకుపై ఆరు వేలకు పైగా తగ్గింది. విద్యుత్తు వాహనాలపై జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. అందువల్ల ఈ మార్పుతో లబ్ధి పొందింది పెట్రోలు బండ్లే.

కరెంటు బండికి రాష్ట్రంలో పెద్ద ఊరట రహదారి పన్నే. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్‌ రుసుము పూర్తిగా మినహాయిస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చింది. రూ.50 వేలు దాటిన పెట్రోలు బండికి కనీసం 12 శాతం పన్ను పడుతుంది కాబట్టి ఈ మినహాయింపు విలువ తక్కువేమీ కాదు. థర్డ్‌ పార్టీ బీమా ప్రీమియంలోనూ విద్యుత్తు వాహనాలకు 2022లో 15 శాతం తగ్గింపు ప్రకటించారు.

ప్రకటనలో ఒకటి.. రోడ్డుపై మరొకటి

ఒక్కసారి ఛార్జింగ్‌తో 150 కిలోమీటర్లని ప్రకటనలో చెప్పారని, తీరా చూస్తే వందకు మించడం లేదని వాహనదారులు వాపోతున్నారు. ఇందులో మోసం కంటే పరీక్షా విధానం పాత్రే ఎక్కువ. కంపెనీలు చెప్పే దూరం ప్రయోగశాలలో నిర్ణీత వేగంతో, నిర్ణీత బరువుతో తేల్చింది. రోడ్డుపై ఇద్దరు కూర్చుని, గంటకు 60-70 కిలోమీటర్ల వేగంతో జాతీయ రహదారిపై వెళ్తే ఆ లెక్క తప్పుతుంది. వేగం రెట్టింపైతే ఎదురుగాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఆ భారమంతా బ్యాటరీపైనే. ఆర్మూరు దాకా తాపీగా వెళ్లినవాడికి మిగిలిన ఛార్జింగ్‌, దూకుడుగా వెళ్లినవాడికి మిగలదు. మైలేజీ విషయంలో పెట్రోలు కంపెనీల ప్రకటనలూ ఇదే తీరు. కాకపోతే దారిలో బంకు ఉంటుంది కాబట్టి ఆ తేడా ఎవరినీ నడిరోడ్డుపై నిలబెట్టలేదు.

పెట్రోలు బలమంతా అక్కడే ఉంది. లీటరు పెట్రోలులో సుమారు తొమ్మిది యూనిట్ల శక్తి దాగి ఉంటుంది. ఇంజిన్‌ అందులో నాలుగో వంతుకు మించి చక్రానికి చేర్చలేదు. మిగతాదంతా వేడిగా పొగగొట్టం దారి పడుతుంది. విద్యుత్తు మోటారు తనకు అందిన శక్తిలో 85-90 శాతాన్ని చక్రానికి అందిస్తుంది. మూడు యూనిట్లతో స్కూటరు 90 కిలోమీటర్లు పోవడం, తొమ్మిది యూనిట్లున్న లీటరుతో బైకు 55 కిలోమీటర్లకే ఆగడం ఇందువల్లే.

పొదుపులో మోటారుదే పైచేయి. నిల్వలో మాత్రం పెట్రోలుదే. పది లీటర్ల ట్యాంకుతో బైకు 550 కిలోమీటర్లు వెళ్తుంది. అంత దూరం కరెంటుతో వెళ్లాలంటే 18 యూనిట్ల బ్యాటరీ కావాలి. కిలో బ్యాటరీలో 150 వాట్‌ అవర్లు పడతాయనుకున్నా దాని బరువు 120 కిలోలు. వంద సీసీ బైకు మొత్తం బరువే 110 కిలోలు దాటి కొంచెం. విద్యుత్తు బైకుల్లో దూరానికి పరిమితి పెట్టుకోవాల్సి రావడానికి ఇదే మూలం. హైదరాబాద్‌కు 175 కిలోమీటర్లు బండిపైనే వెళ్లివచ్చే అలవాటున్న యువకులు కరెంటు బైకును పక్కన పెట్టడంలో ఆశ్చర్యం లేదు. బుల్లెట్‌ ప్రియులకు ఆ చప్పుడు లేని బండి అసలు బండే కాదు. వారితో వాదన అనవసరం.

నడకలో మాత్రం కరెంటు బండికి వంక పెట్టేవారు తక్కువే. క్లచ్‌, గేర్లు లేవు. ఆగిన చోటు నుంచి మోటారు పూర్తి బలంతో లాగుతుంది. గాంధీచౌక్‌ వంటి రద్దీ కూడళ్లలో ఆగుతూ, సాగుతూ వెళ్లేవారికి ఇది హాయి. మహిళలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు కిక్‌ కొట్టే బాధ తప్పిందంటున్నారు. చప్పుడు లేకపోవడమే కొన్నిసార్లు చేటవుతోంది. వెనుక నుంచి బండి వస్తున్నట్లు పాదచారులకు తెలియడం లేదు. పల్లె దారుల్లో గేదెలూ పక్కకు తొలగడం లేదు.

ఆ దుర్ఘటన తర్వాత..

ఈ నగరంలో విద్యుత్తు బండి గురించి మాట్లాడితే 2022 ఏప్రిల్‌ ప్రస్తావన రాకుండా ఉండదు. ఇంట్లో రాత్రి ఛార్జింగ్‌ పెట్టిన స్కూటరు బ్యాటరీ తెల్లవారుజామున పేలడంతో నిజామాబాద్‌లో 80 ఏళ్ల వృద్ధుడు మరణించారు. అదే వారంలో విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి మరొకరు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్తు స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో అగ్నిప్రమాదం జరిగి, పైన లాడ్జిలో బస చేసిన ఎనిమిది మంది బలయ్యారు. ఆ తర్వాత కొన్నాళ్లు బ్యాటరీని ఇంట్లోకి తేవడానికే జనం జంకారు. పడక గదికి ఆమడ దూరంలో ఛార్జింగ్‌ పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. అది మంచి అలవాటే.

ఈ ప్రమాదాల అనంతరం హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ సంస్థ డైరెక్టర్‌ టాటా నర్సింగరావు నేతృత్వంలో కేంద్రం నిపుణుల కమిటీని వేసింది. కమిటీ సూచనలతో ఏఐఎస్‌-156 ప్రమాణాలను సవరించి, 2022 డిసెంబరు నుంచి తొలి దశ, 2023 మార్చి నెలాఖరు నుంచి రెండో దశ అమలుచేశారు. ఒక సెల్‌ వేడెక్కినా మంట పక్క సెల్‌కు పాకకుండా చూడటం, వేడిని పసిగట్టి హెచ్చరించే ఏర్పాటు, నీరు, దుమ్ము చొరబడని బ్యాటరీ పెట్టె వంటివి ఇందులో ఉన్నాయి. అంతకుముందు కొన్న బండ్లు, గుర్తింపు లేని బ్యాటరీలు అమర్చిన చవకరకం బండ్ల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. పెట్రోలు బండ్లకూ మంటలు అంటుకుంటాయి. అయితే అవి రాత్రి ఇంట్లో ప్లగ్గుకు తగిలించి ఉండవు కదా అన్నది జనం వాదన. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

మే నెలలో ఇక్కడి ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. ఎండలో తిరిగివచ్చిన బండిని వెంటనే ఛార్జింగ్‌ పెట్టకుండా గంట, గంటన్నర చల్లారనివ్వాలి. బండితో ఇచ్చిన ఛార్జరునే వాడాలి. సన్నని ఎక్స్‌టెన్షన్‌ తీగలు, ఎర్తింగ్‌ లేని ప్లగ్గులు అసలు కూడదు. లిథియంలోనూ ఐరన్‌ ఫాస్ఫేట్‌ రకం బ్యాటరీలు వేడిని ఎక్కువ తట్టుకుంటాయి. అదే బరువుకు కాస్త తక్కువ దూరం ఇస్తాయి. మన వాతావరణానికి ఆ మాత్రం రాజీ పడటం నష్టమేమీ కాదు.

చెడిపోతే ఎవరు చూడాలి?

పెట్రోలు బైకు మొండికేస్తే ఏ మండల కేంద్రంలోనైనా మెకానిక్‌ షెడ్డు ఉంది. ప్లగ్గు తుడిచో, కార్బొరేటర్‌ కడిగో గంటలో పంపేస్తారు. కరెంటు బండి ఆగితే ఆటో ట్రాలీలో వేసుకుని నగరంలోని సర్వీసు కేంద్రానికి తేవాల్సిందే. విడి భాగం రావడానికి వారాలు పట్టిందని చెప్పేవారు కొనుగోలుదారుల్లో ఉన్నారు. ఇది ఈ ఒక్క జిల్లా గోడు కాదు. ఒక పెద్ద విద్యుత్తు స్కూటర్ల కంపెనీపై ఏడాది వ్యవధిలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు 10 వేలకు పైగా ఫిర్యాదులు రావడంతో 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల హక్కుల పరిరక్షణ ప్రాధికార సంస్థ నోటీసు ఇచ్చింది. హెల్ప్‌లైన్‌ నంబరు 1915. ఈ నంబరుకు ఫోన్‌ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చన్న సంగతి పల్లెల్లో చాలామందికి తెలియదు.

బ్యాటరీని సొంత ఖర్చుతో మార్చాల్సి వస్తే మూడు కిలోవాట్‌ అవర్ల దానికి అర లక్ష పైమాటే. నాలుగేళ్ల ఆదా ఒక్కసారిగా కరిగిపోతుంది. అందుకే వారంటీ పత్రం చదవకుండా కొనడం అన్నివిధాలా నష్టమే. తొలినాళ్లలో మూడేళ్లే వారంటీ ఇచ్చేవారు. 2024 నుంచి కొన్ని కంపెనీలు 8 ఏళ్లు లేదా 80 వేల కిలోమీటర్ల వరకు, కొన్నిచోట్ల అదనపు రుసుముతో, హామీ ఇస్తున్నాయి. బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి తగ్గితే మార్చి ఇస్తారన్నది అందులో రాసి ఉందో లేదో చూసుకోవాలి.

పాత బండి అమ్మకంలోనూ తేడా స్పష్టం. పదేళ్ల బైకుకైనా సంతలో ఏదో ఒక ధర పలుకుతుంది. నాలుగేళ్ల కరెంటు బండిని కొనేవాడు ‘బ్యాటరీ ఇంకెన్నాళ్లు వస్తుంది?’ అని అడిగితే అమ్మేవాడి దగ్గర జవాబు ఉండదు. రూ.30-40 వేలకు పాత బైకు కొనుక్కుని బతుకు బండి లాగించే కూలీలకు, హమాలీలకు విద్యుత్తు వాహనం ఇంకా అందని మావే.

ఇక రిజిస్ట్రేషన్‌, లైసెన్సు అక్కర్లేదంటూ అమ్ముతున్న చిన్న స్కూటర్ల సంగతి. మోటారు శక్తి 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉంటేనే ఆ మినహాయింపు వర్తిస్తుంది. అమ్మిన తర్వాత వేగం పెంచి ఇచ్చే బండ్లకు మినహాయింపు ఉండదు. ప్రమాదం జరిగితే బీమా కూడా రాదు. పిల్లల చేతికి ఇటువంటి బండ్లు ఇస్తున్న తల్లిదండ్రులు ఈ విషయం తెలుసుకోవడం అవసరం.

ఛార్జింగ్‌ ప్లగ్గులు కంపెనీకో తీరుగా ఉండటం మరో చిక్కు. ఒకరి కేంద్రంలో మరొకరి బండికి ఛార్జింగ్‌ దొరకదు. తేలికపాటి వాహనాలన్నింటికీ పనికొచ్చే ఒక ప్రమాణాన్ని భారత ప్రమాణాల సంస్థ 2023లో ఆమోదించినా దాన్ని అన్ని కంపెనీలూ అనుసరించడం లేదు. సొంత ఇల్లు, గేటు లోపల ప్లగ్గు ఉన్నవారికి దీనితో పనిలేదు. రెండో అంతస్తులో అద్దెకుండి కింద వీధిలో బండి నిలిపేవారికి యజమాని అనుమతి నుంచి మీటరు లెక్క దాకా అన్నీ తగాదాలే. ఇటువంటివారు విడదీసి పైకి మోసుకెళ్లే బ్యాటరీ ఉన్న బండ్లను అడుగుతున్నారు. వాటి బ్యాటరీ చిన్నది, దూరమూ తక్కువే.

బస్టాండు పరిసరాల్లో, బోధన్‌ రోడ్డులో ఏళ్లుగా షెడ్లు నడుపుతున్న మెకానిక్‌లదీ ఇదే సందిగ్ధం. ఇంజిన్‌ శబ్దం విని లోపం చెప్పగల పనితనం వారిది. కరెంటు బండిలో వినడానికి శబ్దమే లేదు. లోపం తెలియాలంటే కంప్యూటరు తగిలించాలి. దానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్‌ను కంపెనీలు బయటివారికి ఇవ్వడం లేదు. బ్రేకులు, టైర్లు, షాక్‌ అబ్జార్బర్ల పని మాత్రం పెట్రోలు బండిలో మాదిరే తమ దగ్గరికి వస్తోందని, మోటారు, కంట్రోలరు పని కూడా నేర్పితే చేయడానికి సిద్ధమని వారు అంటున్నారు.